తెల్లరాళ్ళ మూల

నత్తలు లేవు. ఆ ఒక్క మాట పట్టుకుని రోషీన్ ఇంట్లోంచి బయలుదేరింది.

నిన్నటి దాకా బాలీదార ఊరంతా నమ్మింది వేరు. ఊరి చివర కట్టిన ఇరవై నాలుగు కొత్త ఇళ్ళు ఏడాదిన్నరగా తాళాలు వేసి పడున్నాయి. గోడలకు రంగులయ్యాయి, వంటగదులు అమిరాయి, స్నానాల గదుల్లో పింగాణీ తెల్లగా మెరుస్తోంది. కానీ ఒక్క కుళాయి తిప్పడానికి లేదు. ఊరి పాత మురుగునీటి శుద్ధి కేంద్రం ఎప్పుడో నిండిపోయింది, ఇంకొక్క ఇంటి నీళ్ళు కూడా పట్టదు. కొత్త కేంద్రం మంజూరైంది. అక్కణ్ణుంచి నది దాకా పైపు వెయ్యాలి. ఆ పైపు ఫింటన్ గెరాటీ పొలం మూల మీదుగా పోవాలి. ఆ మూలలో అరుదైన నత్తలున్నాయనీ, తవ్వితే చచ్చిపోతాయనీ ఫింటన్ అభ్యంతరం పెట్టాడు. నత్తల సంగతి తేలేదాకా పని ఆగిపోయింది.

నిన్న నత్తల్ని వెతకడానికి పట్నం నుంచి వచ్చిన అమ్మాయి, టీ దుకాణంలో రోషీన్ పక్కన కూర్చుని ఉన్నమాట చెప్పేసింది. "ఆ పొలంలో నత్తలు లేవు. ఆ సంగతి ఆయనకీ తెలుసనుకుంటా. నేను వెతుకుతున్నంతసేపూ నా వెంటే నడిచాడు. నత్త దొరికిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. నా కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో అదే చూశాడు."

మరి ఎందుకు అడ్డుపడుతున్నాడు?

రేపు సాయంత్రం చర్చి పక్కన హాల్లో ఆఖరి సమావేశం. ఫింటన్ తన అభ్యంతరం వెనక్కి తీసుకుంటే ఇళ్ళు ఊరివాళ్ళకొస్తాయి. లేకపోతే, ఇక ఆగలేనని బిల్డర్ తేల్చి చెప్పేశాడు. మొత్తం ఇళ్ళను డబ్లిన్‌లో ఓ పెద్ద కంపెనీకి అమ్మేస్తాడు. అందులో ఏడో నంబరు ఇల్లు రోషీన్‌కీ ఆమె భర్త డారాకీ రావలసింది. రోషీన్‌కు ఇప్పుడు ఎనిమిదో నెల.

ఆమె వెళ్ళేసరికి ఫింటన్ వంటింటి తలుపు తెరిచే ఉంది. తల నెరిసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తల్లీ తండ్రీ పోయాక ఆ ఇంట్లో అతనూ, ఓ ముసలి కుక్కా.

"లోపలికి రా. గాలి గట్టిగా ఉంది."

"నిన్నటికన్నా నయమేలెండి."

"రేపు వానంటున్నారు."

"అంటున్నారు."

"టీ తాగుతావా?"

"వద్దండీ, తాగే వచ్చాను."

"ఒక్క చుక్క."

"నిజంగా వద్దు."

"నీళ్ళు మరిగిపోయాయి మరి."

"అయితే ఒక్క చుక్క."

టీ చేతికి వచ్చేదాకా వచ్చిన పని ఎత్తకూడదు. రోషీన్ కూర్చోబోయింది.

"ఆ కుర్చీ వద్దు, అది కుక్కది. రోమాలంటుకుంటాయి. ఇందులో కూర్చో." అతను తన కుర్చీలోని దిండు దులిపి ఆమె వెనక పెట్టాడు. రెండు కప్పులు నింపాడు. తను నిలబడే తాగాడు.

"నత్తలు లేవంట కదా," అంది రోషీన్.

"ఎవరన్నారు?"

"నత్తలమ్మాయే చెప్పింది."

"మంచి పిల్ల. ఆమె బూట్లు బావున్నాయి. మన కొట్లో అలాంటివి దొరకవు."

"ఫింటన్, ఊళ్ళో మిమ్మల్ని ఏమంటున్నారో తెలుసా?"

"నత్తల ఫింటన్ అంటున్నారు. మొన్న మాంసం కొట్టులో ఐదు వందల గ్రాములు నత్తలు తూచమంటారా అని అడిగాడు వాడు. నాకూ నవ్వొచ్చింది."

"ఆ మూలకి ఎక్కువ రేటు రావాలని బిగిసి కూర్చున్నారనీ అంటున్నారు."

"అననీ."

"ఆదివారం పూజలో పక్కవాళ్ళతో చేతులు కలపమన్నప్పుడు మీకెవరూ చెయ్యివ్వడం లేదు. నేనూ ఇవ్వలేదు."

ఫింటన్ కప్పులోకి చూశాడు. కుక్క లేచి వచ్చి రోషీన్ పాదాల మీద గడ్డం ఆనించింది.

"నేను పోట్లాడ్డానికి రాలేదు," అంది ఆమె. "మేం అమ్మమ్మ ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాం. మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది. నేను ఇటు తిరగాలంటే డారాని లేపి తననీ అటు తిప్పాలి. ఉయ్యాల బీరువా మీద పెడదామంది అమ్మమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత డారా బయటకెళ్ళి చాలాసేపు రాలేదు. ఏడో నంబరు ఇంట్లో పైపులన్నీ తనే బిగించాడు తెలుసా? మన ఇంటి పని కదా అని ఆదివారాలు కూడా చేశాడు. ఇప్పుడు దాంట్లో ఒక్క ఫ్లష్ లాగడానికి లేదు." ఆమె కప్పు పక్కన పెట్టింది. "కారణం చెప్పండి చాలు. విన్నాక కూడా మీరు కాదంటే లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ అడగను."

ఫింటన్ కప్పు తొట్టిలో పెట్టాడు. గోడకున్న కోటు తీసుకున్నాడు.

"నడవగలవా? పొలం తడిగా ఉంది."

*

పొలం నది వైపుకు వాలుగా దిగుతుంది. దిగువన ఓ మూలలో నల్లముళ్ళ పొద, ఆకులింకా రాకుండానే తెల్లగా పూసి ఉంది. ట్రాక్టరు చాళ్ళు దాని దాకా వచ్చి, అక్కడే గుండ్రంగా తిరిగి వెనక్కి వెళ్ళిపోయాయి. పొద కింద గడ్డి ఎప్పుడూ కోసినట్టు లేదు. ఆ గడ్డిలో ఫింటన్ వంగి చేత్తో పక్కకు తీసిన చోట ఓ తెల్ల పలుగురాయి కనిపించింది. రొట్టెముక్కంత ఉంది. పక్కనే మరొకటి. కొంచెం అవతల ఇంకొకటి. చూపు అలవాటు పడ్డాక రోషీన్‌కు అన్నీ కనిపించాయి. వాటి మధ్య తన కాళ్ళెక్కడ ఉన్నాయో చూసుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"మా తాత ఇక్కడ నాగలి పెట్టలేదు. మా నాన్న పెట్టలేదు. నేనూ పెట్టను," అన్నాడు ఫింటన్.

"పిల్లలా?"

"పిల్లలే."

ఇలాంటి చోట్లు దేశంలో చాలా ఉన్నాయని రోషీన్ వింది. టీవీలో కూడా చూసింది. అవన్నీ ఎక్కడో వేరే ఊళ్ళవి. తను రోజూ బస్సెక్కే రోడ్డుకు ఇంత దగ్గరగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"జ్ఞానస్నానం ఇప్పించకముందే బిడ్డ పోతే, చర్చి వెనక శ్మశానంలో చోటిచ్చేవాళ్ళు కాదు," అతను నది వంక చూస్తూ చెప్పాడు. "తండ్రో, తాతో పొద్దువాలాక పెట్టెలో పెట్టి తెచ్చేవాడు. మా నాన్న పార తీసుకుని ఎదురెళ్ళేవాడు. తల్లి మంచం దిగేసరికి అంతా అయిపోయేది. ఎక్కడ పెట్టారని ఆమె అడగకూడదు. అడిగినా చెప్పరు. అందుకే ఈ చోటు ఏ మ్యాపులోనూ ఉండదు."

"మరి ఇదే చెప్పొచ్చు కదా ఫింటన్. పైపు పని చూసే ఇంజనీరమ్మ మంచి మనిషి. పైపు రోడ్డు వెంట తిప్పేస్తుంది. ఒక్క మాటతో పోయేదానికి ఏడాదిన్నర..."

"ఎవరి మాట? నా మాటేనా? రుజువేదంటారు. రుజువు కోసం తవ్వి చూస్తామంటారు. తవ్వకుండా నమ్మాలంటే ఈ తల్లుల్లో ఒకరు లేచి నిలబడి చెప్పాలి. వాళ్ళలో బతికున్నవాళ్ళు ఉన్నారింకా. కొందరు మొగుళ్ళకి చెప్పలేదు. కన్నపిల్లలకి చెప్పలేదు. వాళ్ళ నోట్లోంచి ఆ మాట లాగడానికి నేనెవర్ని?" టోపీ సర్దుకున్నాడు. "నత్తలైతే ఎవరికీ బాధ లేదు."

ఊరంతా ఎగతాళి చేస్తున్నా ఈ మనిషి నోరు విప్పనిది ఇందుకా?

"ఎవరు వాళ్ళు?"

"అడగకు పిల్లా," అన్నాడతను. "ఇంటికెళ్ళు. చలిగా ఉంది."

*

అమ్మమ్మ అట్రాక్టా లాలీ వంటింట్లో సోడా రొట్టె ముద్దను గుండ్రంగా చేసి పళ్ళెంలో పెట్టింది. దాని మీద కత్తితో శిలువ గుర్తు గీస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఊళ్ళో ఎవరికి పురుడొచ్చినా, ఎవరు పోయినా ఆమె చేతి రొట్టె ముందు చేరుతుంది.

"ఒప్పుకున్నాడా?"

"లేదు."

"నేను చెప్పలేదూ? గెరాటీలు మొదట్నుంచీ మొండివాళ్ళు. వాళ్ళ నాన్న ఒకసారి సంతలో ఒక్క గొర్రె కోసం..."

"అమ్మమ్మా, అతని పొలం మూలలో చిన్నపిల్లల్ని పూడ్చిన చోటుంది. పేరు లేకుండా పోయిన పిల్లలు. అందుకే పైపు వద్దంటున్నాడు. నత్తలు ఊరికే."

కత్తి శిలువ గుర్తు మధ్యలో ఆగింది.

రోషీన్ కోటు విప్పుతూ చెప్పుకుపోతోంది. అమ్మమ్మ వెనక్కి తిరగలేదు.

"రాళ్ళు తెల్లవా?" అంది.

"తెల్లవే. పలుగురాళ్ళు."

"నల్లముళ్ళ పొద పక్కనా?"

"నువ్వెప్పుడైనా చూశావా?"

"చూళ్ళేదు. ఎవరో అనగా విన్నాను." కత్తి బల్ల మీద పెట్టింది. పిండంటిన చేతుల్ని చాలాసేపు ఏప్రన్‌కు తుడుచుకుంది. తర్వాత ఇంకా గోడ వైపే చూస్తూ, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగింది. "అక్కడ గాలి ఎక్కువా తల్లీ? చలిగా ఉంటుందా?"

రోషీన్ చేతిలో కోటు కుర్చీ మీదికి జారింది. ఆమె దగ్గరకు వెళ్ళి వెనక నుంచి రెండు చేతులూ చుట్టేసింది. ఎత్తుగా ఉన్న పొట్ట అడ్డం వచ్చింది. ఆ పొట్టలోని బిడ్డ తన్నింది. ఇద్దరికీ తెలిసింది.

"పొద అడ్డం ఉంది అమ్మమ్మా. గాలి తగలదు. గడ్డి మెత్తగా ఉంది."

"అయితే సరే," అంది అట్రాక్టా. "అయితే సరే."

తర్వాత కూర్చుని చెప్పింది. ఎక్కడా ఏడవలేదు. రోషీన్‌కు అదే కష్టంగా అనిపించింది.

"నాకప్పుడు పంతొమ్మిది. పెళ్ళి కాలేదు. ఆ అబ్బాయి లివర్‌పూల్ ఓడెక్కి వెళ్ళిపోయాడు. వాడికి తెలీనే తెలీదు. మా అమ్మే పురుడు పోసింది. కిటికీలు మూసి రేడియో గట్టిగా పెట్టింది, పక్కింటికి వినబడకుండా. నేనొక్కసారే చూశాను. ఎంత జుట్టో, నల్లగా. కదలడం లేదు. మా అమ్మ తువ్వాలు కప్పేసింది. నాన్న పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని టీ తాగాడు. నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. అంతే."

"తాతకి?"

"పెళ్ళికి ముందు చెబ్దామనుకున్నా. తర్వాత చెబ్దాంలే అనుకున్నా. మీ అమ్మ పుట్టినప్పుడు నోటిదాకా వచ్చింది. ఆ మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడో, ఆ రోజు పాడుచెయ్యాలనిపించలేదు. ఆ తర్వాత ఆయనే పోయాడు."

"పేరు పెట్టుకున్నావా?"

"లోర్కాన్." ఆ పేరు ఆమె నోట్లోంచి బయటకు రావడం అదే మొదటిసారి. ఎలా ఉందో విన్నట్టు ఒక క్షణం ఆగింది. "నువ్వే వినడం, మొదట."

పొయ్యిలోంచి వేడి వస్తోంది. పచ్చి రొట్టె అలాగే పళ్ళెంలో ఉంది.

"రేపు హాల్లో నేను చెబుతాను," అంది అట్రాక్టా.

"వద్దు అమ్మమ్మా. ఓ ఇంటి కోసం నువ్వు అంతమంది ముందు..."

"ఇంటి కోసం కాదే. కొంత ఇంటి కోసమే అనుకో. మీరిద్దరూ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ మంచం నా గోడకు కొట్టుకుంటుంది, నాకు నిద్రుండటం లేదు." రోషీన్ నవ్వబోయి నవ్వలేకపోయింది. "నా కొడుకు మీదుగా ఊరి మురుగు పారిస్తామంటే నేను నోరు మూసుకుని కూర్చోవాలా? ఆ ఫింటన్ ఎవరు నాకు? ఏ సంబంధమూ లేనివాడు ఏడాదిన్నరగా తిట్లు తింటున్నాడు. కన్నదాన్ని నేను రొట్టెలు కాలుస్తున్నాను."

"ఊరు ఏమంటుందో ఆలోచించావా?"

"ఊళ్ళో నా ఈడువాళ్ళు ఎంతమంది ఉన్నారని? సగం మందికి చెవులు వినబడవు." లేచింది. "కానీ ముందు ఆ చోటు చూడాలి. నాది ఏదో తెలియకుండా, ఇక్కడున్నాడని ఎలా చెప్పను?"

డారా అప్పుడే వ్యాను ఆపి లోపలికొచ్చాడు. వాళ్ళిద్దరి మొహాలు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఫింటన్ పొలానికి తీసుకెళ్తావా?" అంది రోషీన్.

"కొట్టడానికా?"

"కాదు."

"అయితే ఇద్దరూ బూట్లు మార్చుకోండి," అన్నాడతను. అంతకన్నా ఏమీ అడగలేదు. ముందు సీట్లోంచి పైపుల జిగురు డబ్బాలు తీసి వెనక పడేసి, అమ్మమ్మ కూర్చునే చోట తన కోటు పరిచాడు.

*

వ్యాను గేటు దగ్గర ఆగేసరికి ఫింటన్ పెరట్లోంచి చూశాడు. వాళ్ళు ఆ మూలకు చేరేలోపే పొలానికి అడ్డంపడి వచ్చాడు. డారా గేటు దగ్గరే ఉండిపోయాడు.

"ఫింటన్."

"మిసెస్ లాలీ."

ఇద్దరూ గాలి గురించి మాట్లాడలేదు. వాన గురించి మాట్లాడలేదు. అట్రాక్టా మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి, గడ్డిలో అక్కడక్కడా తెల్లగా కనిపిస్తున్న రాళ్ళను ఒక్కొక్కటే చూసింది. రోషీన్ చెప్పింది నిజమే. పొద అడ్డం ఉంది. గాలి పైనుంచి పోతోంది.

"మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు," అంది. "ఏది ఎవరిదో."

"చెప్పాడు. పోయే ముందు ఇక్కడికి తీసుకురమ్మన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చాను. ఒక్కొక్కటీ చెప్పాడు."

"నాది ఏది?"

ఫింటన్ వెంటనే చూపించలేదు. రోషీన్ అతని మొహం చూసింది. పొద్దున టీ కప్పుతో నిలబడ్డ మనిషి కాదు. భయపడుతున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలామెను చూసి ఎందుకు భయపడుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

"అది," అన్నాడు చివరికి. పొద మొదలుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న రాయి.

అట్రాక్టా చేతి తొడుగు తీసేసింది. రోషీన్ ఆసరాగా పట్టుకోగా తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. రాయి మీది నాచును బొటనవేలితో గీకింది. అరచెయ్యి దాని మీద ఆనించి అలాగే ఉంచింది, జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. పెదాలు కదిలాయి. ఏమందో రోషీన్‌కు వినబడలేదు. వినాలనీ అనిపించలేదు. గేటు వైపు చూస్తే, డారా ఏమీ తెలియకుండానే టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

చాలాసేపటికి అట్రాక్టా తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ మొహంలోంచి ఓ బరువు దిగింది.

"నువ్విక నత్తల సంగతి వదిలెయ్ ఫింటన్. రేపు హాల్లో నేను లేచి చెబుతాను. నా కొడుకు ఇక్కడున్నాడు, పైపు రోడ్డు వెంట తిప్పండి అని చెబుతాను. ఎవరూ తవ్వక్కర్లేదు. నా మాట చాలు."

"వద్దు," అన్నాడతను.

"నా పరువు గురించైతే నువ్వు బెంగపడకు. ఈ వయసులో నన్నెవరేం చేస్తారు?"

"పరువు కాదు, మిసెస్ లాలీ. మీరు చెబితే అందరూ నమ్ముతారు. పైపు మళ్ళుతుంది. ఈ అమ్మాయికి ఇల్లొస్తుంది. నాకు కావలసిందీ అదే." రాయి వైపు చూశాడు. "మీరొచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతే ఊరుకుందామనే అనుకున్నాను. ఇప్పుడు మీ చెయ్యి దాని మీద చూశాక నావల్ల కావట్లేదు. ఆ రాయి కింద ఎవరూ లేరు."

రోషీన్ అతని వైపు తిరిగింది.

"ఏం మాట్లాడుతున్నారు మీరు?" అంది రోషీన్. "ఆమె మోకాళ్ళ మీదుంది. కనబడుతోందా?"

"కనబడుతోంది కాబట్టే చెబుతున్నాను."

ఇంతమంది తల్లుల్లో నోరు విప్పడానికి సిద్ధపడింది ఒక్క అమ్మమ్మ. ఆమె రాయి కిందే ఎవరూ లేకపోతే, రేపు హాల్లో ఇంకెవరు లేస్తారు? ఏడో నంబరు ఇల్లు తన చేతికందినట్టే అంది, ఈ క్షణంలో జారిపోతోంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే కోపమొచ్చింది. అమ్మమ్మ పక్కనే తడిలో కూర్చుని ఆమె భుజం పట్టుకుంది.

అట్రాక్టా చెయ్యి రాయి మీదే ఉంది.

"మరి వాడెక్కడ?" అంది.

ఫింటన్ టోపీ తీశాడు. రెండు చేతుల్లో దాన్ని మెలిపెట్టాడు.

"మీ నాన్నగారు పెట్టె మా నాన్న చేతికిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారట. చూడలేకపోయారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి తెలీదు. మా నాన్న ఒక్కడే మిగిలాడు. పార దింపబోతుంటే పెట్టెలోంచి చిన్న చప్పుడయింది. పిల్లికూన తుమ్మినట్టు ఉందన్నాడు."

అట్రాక్టా కనురెప్ప వెయ్యలేదు.

"మూత తీశాడు. మళ్ళీ వేశాడు. పరుగెత్తి మీ నాన్నని పిలుద్దామని రోడ్డు దాకా వెళ్ళాడట. అక్కడ ఆగిపోయాడు. ఎందుకాగిపోయాడో నాకు చెప్పలేదు. నేను ఎంత అడిగినా ఆ ఒక్కటీ చెప్పకుండానే పోయాడు. వెనక్కొచ్చి, ఎవరైనా చూస్తే ఉండాలని రాయి మాత్రం పాతాడు. పెట్టె కోటు లోపల పెట్టుకుని ఇంటికి నడిచాడు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది."

అక్కడ ఆపేశాడు.

అంతకన్నా చెప్పక్కర్లేదు. గెరాటీల ఇంట్లో పెళ్ళయి పదేళ్ళయినా పిల్లల్లేరని, ఆ తర్వాత ఎలాగో ఒక్కడు పుట్టాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ ఒక్కడు ఇప్పుడు టోపీ మెలిపెడుతూ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

అట్రాక్టా లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మోకాళ్ళకు అంటిన బురద దులుపుకోలేదు. జ్ఞానస్నానం అందని పిల్లల రాళ్ళ మధ్య నుంచి, ఏ ఒక్కదాన్నీ తొక్కకుండా, నెమ్మదిగా అతని దాకా నడిచింది. ప్రతి ఆదివారం పూజలో తనకు రెండు వరసల వెనక కూర్చునే మనిషి మొహాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నెరిసిన జుట్టు చూసింది. దానిలో ఎప్పటిదో నలుపు వెతుకుతున్నట్టు చూసింది.

"నీ పుట్టినరోజు ఎప్పుడు, ఫింటన్?"

అతను టోపీని చేతుల్లోనే ఉంచుకున్నాడు.

"రెండున్నాయి, మిసెస్ లాలీ. కాగితాల్లో ఒకటి, మా నాన్న చెప్పింది ఒకటి," అన్నాడు. "మీకేది చెప్పమంటారు?"